దేశాభివృద్ధికి కొలబద్దలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



భద్రాచలమున గోదావరి స్నానఘట్టము వద్ద నీటిమట్టమును తెలుపు కొలబద్ద కలదు. వానకాలము వచ్చినదనిన ఈ ప్రాంతపు వారందరి చూపును దానిమీదనే యుండును. నీరు 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986 ఆగస్టు నెలలో నీరు 75.6 అడుగులకు లేచినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. ఆ రెండు సంవత్సరములను ఈ తీరమువారు మరువలేరు.

ఆ కొలబద్ద అబద్ధమాడదు. కాని అది చెప్పునది ఒక్కటే మాట: నీరెంత ఎత్తున నున్నది. ఏ గూడెములో ఎన్ని గోడలు కూలినవో, ఎవరి గాదెలోని విత్తనపుగింజలు మొలకెత్తి పాడైపోయినవో, ఏ ముసలమ్మ రాత్రంతయు చెట్టుక్రింద కూర్చున్నదో అది చెప్పదు. చెప్పవలెనని దాని నెవ్వరును అడుగరు. నీటి ఎత్తుకు దానిని నమ్మి, మిగిలిన సంగతి తెలిసికొనుటకు పడవ యెక్కి పోవుదురు. దేశము ఎంత అభివృద్ధి చెందినదో తెలుపు కొలబద్దల విషయమున మాత్రము లోకము ఈపాటి వివేకము చూపుట లేదు. ఒక అంకె వచ్చినచో చాలును, పడవ యెక్కవలసిన పని తీరినదని భావించుచున్నది. ఆ అంకెలు ఎట్లు పుట్టినవి, ఎంతవరకు నమ్మదగినవి, ఎచ్చట ఆగిపోవును అను సంగతియే నేటి ప్రసంగ విషయము.

రాజ్యము క్షేమముగా నున్నదా యని విచారించుట మన పూర్వులకు క్రొత్త కాదు. మహాభారతమున సభాపర్వములో నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి కుశలమడుగును. ఆ కుశలప్రశ్నలు మర్యాదకు అడిగినవి కావు. వ్యవసాయము వానమీదనే ఆధారపడకుండ రాజ్యమునందు తగిన దూరములలో చెరువులు త్రవ్వించితివా? రైతులకు తిండిగింజలు, విత్తనములు కొరవడకుండ నున్నవా? తక్కువ వడ్డీకి వారికి ఋణము దొరకుచున్నదా? గ్రుడ్డివారిని, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె పోషించుచున్నావా? ఇట్టి ప్రశ్నలు పదుల సంఖ్యలో నున్నవి. రామాయణమున చిత్రకూటమునకు వచ్చిన భరతుని శ్రీరాముడు అడిగిన ప్రశ్నలును ఈ తీరుననే సాగును. బొక్కసమున ధనమెంత యని మాత్రమే అడిగి ఊరకొనక, ఆ ధనము ఎవరి యింటికి ఏ రూపమున చేరినదని అడుగుట ఆ రెండు గ్రంథములందును కనబడు విశేషము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున లెక్కల సంగతి మరింత వివరముగా నున్నది. అయిదు లేక పది గ్రామములకు గోపుడను ఉద్యోగి యుండును. ఇతడే తరువాతి కాలపు కరణములకు మూలపురుషుడని చెప్పవచ్చును. పొలిమేరలు, పొలములు, తోటలు, ఇండ్లు, మనుష్యులు, పశువులు, కుటుంబముల ఆదాయవ్యయములు అతడు పట్టీలలో వ్రాయవలయును. అంతటితో కౌటిల్యుడు తృప్తి చెందలేదు. గోపుడు వ్రాసినది నిజమో కాదో తెలిసికొనుటకు గృహస్థుల వేషమున చారులను ఊళ్లకు పంపుమన్నాడు. లెక్క వ్రాయువాని చేతనే లెక్క సరియని చెప్పించుకొనుట తగదని ఆయనకు తెలియును. రెండువేల సంవత్సరములు దాటినను ఆ హెచ్చరిక పాతబడలేదు.

ఆధునిక కాలమున భారతదేశపు ఆదాయమును మొదట లెక్కగట్టిన మహనీయుడు దాదాభాయి నౌరోజీ. 1867-68 సంవత్సరమునకు తలకు సగటున 20 రూపాయలని ఆయన తేల్చెను. ఆయన చేసిన గొప్ప పని ఆ ఇరువది రూపాయలను విడిగా చూపుట కాదు. చెరసాలలో ఖైదీ తిండికి, బట్టకు ప్రభుత్వము చేయు ఖర్చును దాని ప్రక్కన పెట్టి చూపినాడు. నేరము చేసినవానికి దొరకు గ్రాసము కూడ నేరము చేయని రైతుకు దొరకుట లేదని లోకమునకు తెలిసినది. అంకెకు ప్రాణము పోసినది ఆ పోలిక. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1949లో మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ సంఘము ఏర్పడినది. గాడ్గిల్, వి. కె. ఆర్. వి. రావు పండితులు అందు సభ్యులు. నాటినుండి ఏటేటను దేశపు ఉత్పత్తి విలువను లెక్కించి జనసంఖ్యచే భాగించి తలసరి ఆదాయమును ప్రకటించుట ఆచారమైనది.

ఈ పద్ధతిని అమెరికాలో తీర్చిదిద్దినవాడు సైమన్ కుజ్‌నెట్స్. 1934లో తన నివేదికను అచ్చటి ప్రభుత్వమునకు సమర్పించుచునే, జాతీయాదాయమును చూచి జాతి సంక్షేమమును నిర్ణయింపరాదని ఆయన హెచ్చరించెను. కత్తిని చేసిన కమ్మరి దాని పదును ఏవైపున నున్నదో చెప్పియే ఇచ్చినాడు. పుచ్చుకొన్నవారు ఆ మాట మరచిరి.

ఆ మరపు వలన కలుగు చిక్కులు చూచుటకు దూరదేశములకు పోనక్కరలేదు. ఈ జిల్లాయే చాలును. ఇల్లందు ప్రాంతమున 1871లో విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు బొగ్గును కనుగొనెను. 1889 నాటికి త్రవ్వకము సాగినది. సింగరేణి బొగ్గు ఎన్నో బండ్లను, మిల్లులను, విద్యుత్కేంద్రములను నడపినది, వేలాది కుటుంబములకు అన్నము పెట్టినది. త్రవ్విన ప్రతి టన్నును దేశపు స్థూలోత్పత్తిలో జమ పడును. కాని భూమిలో తరిగిపోయిన బొగ్గును స్థూలోత్పత్తి లెక్కలో ఖర్చు వ్రాయరు. తాతలనాటి మాగాణిని ఎకరము చొప్పున అమ్ముచు, వచ్చిన రొక్కమును ఆదాయమని చిట్టాలో వ్రాసికొనువానిని ఊరివారు ఏమందురో సభాసదులకు చెప్పనక్కరలేదు.

వరద సంగతియు అట్టిదే. 2022 జూలైలో ఇండ్లు మునిగినవి. ఆ తరువాత గోడలు కట్టుటకు కొన్న ఇటుకలు, సిమెంటు, పడవలకు పోసిన నూనె, జ్వరములకు కొన్న మందులు ఇవన్నియు ఉత్పత్తి లెక్కలో చేరినవే. కొట్టుకొనిపోయిన పాత ఇల్లు ఆ లెక్కలో తీసివేతగా కనబడదు. కావున వరద వచ్చిన ఏడు ఒక ఊరు కాగితముమీద ముందుకు పోయినట్లు తోచినను ఆశ్చర్యము లేదు.

ఇక ఇంటిలోని ఆడువారి శ్రమ. హోటలులో వంటవాడు వండిన అన్నము జాతీయాదాయములో చేరును. ఇంటిలో తల్లి వండిన అన్నమునకు, బిడ్డను పెంచినందులకు, మంచమున పడిన అత్తమామలకు చేసిన సేవకు అందు చోటు లేదు. కోయగూడెములలో తెల్లవారకముందే అడవికి పోయి ఇప్పపువ్వు ఏరి, తునికాకు కోసి, చితుకులు మోసితెచ్చి, మరల పొయ్యి రాజేయు స్త్రీ దినములో ఎంత భాగము లెక్కకు వచ్చినది? తునికాకు కట్ట కల్లములో అమ్మిన క్షణము మాత్రమే స్పష్టముగా వచ్చినది. మిగిలినది అంచనాలకు విడిచిన సంగతి, లేదా అసలే విడిచిన సంగతి.

సగటు అను మాటలోని మాయ మరియొకటి. ఒక ఊరిలో పది ఇండ్లున్నవనుకొందము. ఒక ఇంటి ఏటి ఆదాయము పది లక్షలు, తక్కిన తొమ్మిది ఇండ్లకు తలకొక ఏబదివేలు. మొత్తము పదునాలుగు లక్షల ఏబదివేలు. ఇంటికి సగటు ఒక లక్షా నలుబదియైదువేలు. ఆ సగటు ఆదాయముగల ఇల్లు ఆ ఊరిలో ఒక్కటియు లేదు! పది లక్షల ఇల్లు మరునాడు ఇరువది లక్షలదైనచో ఊరి సగటు రెండు లక్షల నలుబదియైదువేలగును. తొమ్మిది ఇండ్ల పొయ్యిలో అదే నిప్పు, కుండలో అదే జావ. తెలంగాణ రాష్ట్రపు తలసరి ఆదాయము 2023-24లో మూడు లక్షల రూపాయలు దాటినది. సంతోషింపదగిన సంగతియే. కాని ఆ సంతోషము చర్ల, దుమ్ముగూడెము అడవి అంచున నున్న ప్రతి గుడిసెకును చేరినదని ఆ అంకె సాక్ష్యము చెప్పదు.

ఈ లోపములను గుర్తించియే 1990లో పాకిస్తాను దేశీయుడైన మహబూబ్ ఉల్ హక్, మన అమర్త్యసేన్ మొదలగు పండితుల తోడ్పాటుతో, ఐక్యరాజ్యసమితి పక్షమున మానవాభివృద్ధి సూచిక అను క్రొత్త కొలబద్దను ప్రవేశపెట్టెను. ఆదాయమొక్కటియే చాలదు, మనుష్యుడు ఎంతకాలము బ్రతుకుచున్నాడు, ఎంత చదువుచున్నాడు అనునవియు చేర్చవలయునని దాని ఉద్దేశము. ఇది మెచ్చదగిన మార్పు. 1975లో తిరువనంతపురములోని అభివృద్ధి అధ్యయన కేంద్రమువారు ఐక్యరాజ్యసమితి కొరకు చేసిన పరిశీలనలో, కేరళము తలసరి ఆదాయమున దేశపు సగటుకన్న వెనుకబడియుండియు ఆయుర్దాయమున, అక్షరాస్యతలో ముందున్నదని తేలినది. డబ్బు కొలబద్దకు కనబడని సంగతి అది.

ఆ సూచికను ఎట్లు కట్టుదురో చందాదారులు పలకమీద వేసి చూచుకొనవచ్చును. 2025లో వెలువడిన నివేదిక ప్రకారము 2023 సంవత్సరమునకు భారతీయుల సగటు ఆయుర్దాయము 72 ఏండ్లు. కనిష్ఠము 20, గరిష్ఠము 85 అని ముందే నిర్ణయించినారు. 72లో 20 పోగా 52. 85లో 20 పోగా 65. ఏబదిరెంటిని అరువదియైదుచే భాగించగా 0.80. చదువు విషయమున, నేటి పిల్లలు చదువగలరని ఆశించు 13 ఏండ్లను 18తోను, ఇరువదియైదేండ్లు దాటినవారు చదివిన సగటు 6.9 ఏండ్లను 15తోను భాగించి, రెంటి సగటు తీయగా సుమారు 0.59. ఆదాయమునకు మరియొక గణితముచే సుమారు 0.68. ఈ మూడింటిని గుణించి ఘనమూలము తీసినచో 0.685. ఆ అంకెతో మన దేశము 193 దేశములలో 130వ స్థానమున నిలిచినది. పంపకములోని హెచ్చుతగ్గులను కూడ లెక్కలోనికి తీసికొన్నచో అదే అంకె సుమారు ముప్పది శాతము తగ్గునని ఆ నివేదికయే చెప్పుచున్నది.

ఇట్లు విప్పి చూచినప్పుడు సూచికయందలి భయము పోవును, దాని హద్దు తెలియును. ఆయువు, చదువు, ఆదాయము మూడింటికిని సమాన స్థానమిచ్చినది ఎవరు? ప్రకృతి కాదు, పండితుల తీర్మానము. చదివిన ఏండ్లను లెక్కించినారు గాని, ఆ ఏండ్లలో ఏమి వచ్చినదని అడుగలేదు. ఇంటిలో కోయభాష మాటాడు బిడ్డ బడికి పోయి మొదటి రెండేండ్లు పంతులుగారి తెలుగు అర్థముకాక గోడవైపు చూచుచు కూర్చున్నను, అవి రెండు సంవత్సరముల చదువుగనే జమ పడును. జనగణనలో అక్షరాస్యుడనగా ఏడేండ్లు నిండి, ఏదైన ఒక భాషలో అర్థముతో చదువను వ్రాయను వచ్చినవాడు. 1951లో దేశమున నూటికి పదునెనిమిది మంది అక్షరాస్యులు. 2011 నాటికి డెబ్బదిమూడు మంది. ఇది మహత్తరమైన పురోగతి, సందేహము లేదు. కాని వచ్చిన చదువును వాడుకొనుటకు ఊరిలో పుస్తకమున్నదా, చదువుటకు సాయంకాలము తీరిక యున్నదా అని ఆ లెక్క అడుగదు. అట్టి ప్రశ్న అడుగుటకే గ్రంథాలయములు పుట్టినవి.

సరిహద్దుల సంగతి మరింత విచిత్రము. భద్రాచలము 1953 వరకు మద్రాసు రాష్ట్రములోనిది, పిమ్మట ఆంధ్ర రాష్ట్రములోనిది. ఏటి కావలి ఒడ్డున నున్న బూర్గంపాడు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఒకే గోదావరి నీరు, రెండు ప్రభుత్వముల లెక్కలు. తూర్పు గోదావరి జిల్లాలోని భద్రాచల ప్రాంతము 1959లో ఖమ్మము జిల్లాలో కలిసినది. 2014లో పోలవరము ప్రాజెక్టు కారణముగా కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము, కుక్కునూరు, వేలేరుపాడు మండలములు, భద్రాచల పట్టణము తప్ప ఆ మండలములోని గ్రామములు, బూర్గంపాడు మండలములో కొంత భాగము ఆంధ్రప్రదేశమునకు చేరినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. ప్రతి మార్పుతోను జిల్లా సగటులు మారినవి. ఒక జిల్లా బీదతనము తగ్గినట్లును, మరియొకటి బీదతనము పెరిగినట్లును పట్టికలలో కనబడును. మనుష్యులు మాత్రము ఉన్నచోటనే యున్నారు. వారి జ్వరము, వారి ఆకలి ఎల్ల దాటలేదు.

ఆ గ్రామముల చివరి జనగణన 2011 నాటిది. నాడవి ఖమ్మము జిల్లాలోనివి. 2021లో జరుగవలసిన జనగణన జరుగలేదు. 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా నిర్ణయించుచు 2025లో ప్రకటన వెలువడినది. నడుమ పుట్టిన బిడ్డలు, వలసపోయిన కుటుంబములు, 2005 తరువాత అలజడులకు వెరచి ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి అడవులలో గుడిసెలు వేసికొన్న గుత్తికోయలు, వీరందరును పాత పట్టికల వెలుపలనే యుండిపోయిరి. పోలవరపు జలాశయమునకు 45.72 మీటర్ల పూర్తి నీటిమట్టమనియు, తొలిదశకు 41.15 మీటర్లనియు రెండు గీతలు గీచినారు. ఒక గీతకు ఈవలనున్న ఇల్లు ముందుగా పునరావాసపు జాబితాలో చేరును, ఆవలనున్న ఇల్లు వేచియుండును. 2022 వరద కూనవరమునకు, వరరామచంద్రపురమునకు వచ్చినప్పుడు ఆ గీతలను చూచి రాలేదు. అంకె తప్పిన పుస్తకములో దిద్దుబాటు చాలును. జాబితాలో పేరు తప్పిన కుటుంబమునకు మిగులునది నడివాన.

భద్రాద్రి వారికి ఈ లెక్కల తగవు తెలియనిది కాదు. కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై, శిస్తు సొమ్ముతో రామాలయము కట్టించి, తానీషా చెరలో గోలకొండయందు పండ్రెండేండ్లు గడిపెనని జనశ్రుతి. గోలకొండ దప్తరములో ఆ సొమ్ము బాకీ. భద్రాచలములో అదే సొమ్ము దేవాలయము. రెండు లెక్కలును సత్యములే. దప్తరము మాత్రమే చూచినవానికి గుడి కనబడదు. గుడి మాత్రమే చూచినవానికి శిస్తు చెల్లించిన రైతు కనబడడు. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువువాడే న్యాయము చెప్పగలడు.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వము వెనుకబడిన జిల్లాలకొక కార్యక్రమము ప్రారంభించినది. దానిలో 112 జిల్లాలు; భద్రాద్రి కొత్తగూడెము అందొకటి. కొలతకు 49 సూచికలు. నూటికి ముప్పది పాళ్లు ఆరోగ్యమునకు, ముప్పది విద్యకు, ఇరువది వ్యవసాయ జలవనరులకు, పది ఆర్థిక సేవలు నైపుణ్యములకు, పది రోడ్లు మొదలగు వసతులకు. బొగ్గుగనులు, కాగితపు మిల్లు, విద్యుత్కేంద్రములు గల జిల్లా వెనుకబడిన వాని వరుసలో చేరుటయే ఒక పాఠము. ఆదాయపు కొలబద్ద చూపని దానిని ఈ 49 సూచికలు చూపినవి. అందులకు వానిని మెచ్చవలయును.

అయినను ఒక జాగ్రత్త యున్నది. కొలతయే గమ్యమైనప్పుడు అది మంచి కొలతగా నిలువదని ఆంగ్ల అర్థశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన హెచ్చరిక నుండి ఒక సూత్రము పుట్టినది. ఆసుపత్రి కాన్పులను లెక్కించినచో ఆసుపత్రి కాన్పులు పెరుగును, మంచిదే. కాని వాగు పొంగిన రాత్రి గర్భిణిని మంచముపై మోసికొని ఎంత దూరము నడచిరో ఆ గడిలో పట్టదు. మరుగుదొడ్లను లెక్కించినచో గదులు లేచును. అందులో నీళ్లున్నవా యనుటకు వేరే గడి కావలయును. కౌటిల్యుడు రెండవ మనుష్యుని పంపుమన్నది ఇందులకే.

ఇంతమాత్రమున అంకెలు వలదనుట అవివేకము. లెక్క లేనిచో దూరపు గూడెమువాని ఆకలి వాని గుడిసెలోనే అణగిపోవును. పేరు పట్టీలో నున్నవాడే బియ్యము కొరకు, బడి కొరకు, బాట కొరకు నిలదీసి అడుగగలడు. చెడ్డ లెక్కకు మందు మంచి లెక్క. మంచి లెక్కకు తోడు కన్నులార చూచుట. ఈ రెండింటిని విడదీసినవారు ఒక చేతితో చప్పట్లు కొట్టబోవువారు.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు తన లెక్కలును కలవు. చందాదారులెందరు, ఇచ్చిన పుస్తకములెన్ని అని రిజిస్టరు చెప్పును. ఇంటికి తీసికొనిపోయి చదువకుండ తిరిగి యిచ్చినవి ఎన్నియో, ఒక్క పుస్తకమును పదిమంది అరుగుమీద చేరి విన్నది ఎన్ని మారులో అది చెప్పదు. ఆ లోపము తన యింటనే యున్నదని ఎరిగిన సంస్థకే దేశపు లెక్కలను ప్రశ్నించు అర్హత యుండును.

కావున రజతోత్సవ సందర్భమున ఒక సూచన. వార్తాపత్రికల బల్లమీద ఒక నోటుబుక్కు ఉంచవలయును. నారదుని తీరుననే కొన్ని ప్రశ్నలు అందు వ్రాయవలయును. ఈ ఏడు ఊరి బోరులో ఎన్ని దినములు నీరు రాలేదు? వాగు పొంగి ఎన్ని రాత్రులు బాట తెగినది? అయిదవ తరగతి పిల్లలలో మూడవ తరగతి వాచకమును తడబడక చదువగలవారు ఎందరు? మిరపకోతలకు తల్లిదండ్రులతో పోయి బడి మానిన పిల్లలెందరు? పుట్టిన బిడ్డలలో ఏడాది నిండకుండ పోయినవారు ఎవరెవరు? ఆఖరు ప్రశ్నకు సంఖ్య చాలదు, ఇంటికి పోయి అడిగి రావలయును. ఒకరు వ్రాసినది మరొకరు సరిచూడవలయును. ఏటేటను వార్షికోత్సవమున దానిని అందరియెదుట చదువవలయును. తగ్గిన సంగతులను దాచరాదు.

అట్టి పుస్తకములు ఊరూర నున్నచో, పైనుండి వచ్చిన అంకెను ప్రక్కన పెట్టి పోల్చుకొనుటకు ప్రజలకొక ఆధారముండును. అధికారులు వచ్చినప్పుడు ఆ పుస్తకము తెరచి చూపవచ్చును. గోదావరి కొలబద్దను చూచినట్లే దేశపు కొలబద్దలను గౌరవముతో చూచి, పిమ్మట పడవ యెక్కుట మరువకుందురుగాక.